పొరుగింటి సామెత

పరభాషలోని పదములను నేర్చుకొనుట కష్టమని యందఱు నెఱుఁగుదురు. వ్యాకరణము కష్టమని విద్యార్థు లెల్లరు మొఱపెట్టుకొందురు. కాని పదములును, వ్యాకరణమును వశమైన పిమ్మటఁగూడ మనుజుని గుమ్మము వెలుపల నిలిపియుంచునది యొకటి కలదు. అది యా భాషలోని సామెత, పలుకుబడి. ఇరువదియేండ్లుగా పాఠశాలలో నింగ్లీషు చెప్పుచు, బాల్యమునఁ జదివిన సంస్కృతమును విడువక కాలము గడుపుచున్న మాకు ఈ సంగతి మన పిల్లలవలనఁ గొంత తెలిసినను, పూర్ణముగాఁ దెలిసినది యొక ఫ్రెంచి మిత్రునివలననే.

తెల్లవాఁడైన ప్రతివాఁడును తల్లిపాలతోడనే యింగ్లీషు త్రాగి పెరుఁగునని మనలోఁ బెక్కుమంది యింకను దలఁచుచున్నారు. ఇది సరికాదు. ఫ్రాన్సుదేశపు బాలుఁడు మన బాలునివలెనే బల్లపైఁ గూర్చుండి, పట్టికలు వల్లించి, తప్పులకుఁ జీవాట్లు తిని యింగ్లీషు నేర్చుకొనును. 1929లో అల్ఫోన్స్ షెరెల్ అను నతఁడు ఫ్రెంచివారికొఱకు 'శ్రమలేని యింగ్లీషు' అను పుస్తకమును ప్రకటించెను. దాని మొదటిపాఠమున నొక దర్జీవాని కలిమినిగూర్చిన చిన్నవాక్యము కలదు. నిత్యజీవితమున నెవ్వరికిని నక్కఱకు రాని యా వాక్యము ఫ్రాన్సులో నింటింట వ్యాపించి, బడిలో నేర్చిన యింగ్లీషునకుఁ బరిహాసనామముగా నిలిచిపోయినది. మన పాఠ్యపుస్తకములలోను అట్టి వాక్యములకుఁ గొదవలేదని యుపాధ్యాయులకుఁ జెప్పనక్కఱలేదు.

మా మిత్రుఁడు అలంకారశాస్త్రము చదువుటకై గోదావరీతీరమునందలి మా యూరికి వచ్చి, యొక వర్షర్తు వంతయు నుండెను. ఆయనకుఁ దెలుఁగు రాదు, మాకు ఫ్రెంచి రాదు. ఆయన ఫ్రెంచిలోఁ దలఁచి యింగ్లీషులోఁ బలుకును. మేము తెలుఁగులోఁ దలఁచి యింగ్లీషులో నుత్తర మిత్తుము. ఇరువురకుఁ గాని యింటిలో నిరువురము నతిథులమై కలసికొంటిమి. ఇంటివా రెదుట లేనప్పుడు అతిథు లొండొరులతో నెంత స్వేచ్ఛగా మాటలాడుకొందురో, మే మింగ్లీషునుగూర్చి యంత స్వేచ్ఛగా మాటలాడుకొంటిమి.

ఫ్రెంచివానికి మనకు లేని సౌకర్య మొకటి కలదు. 1066వ సంవత్సరమున నార్మండీప్రభువగు విలియము ఇంగ్లాండును జయించిన పిదప బహుకాలము ఆ దేశపు రాజసభ ఫ్రెంచి మాటలాడినది. న్యాయస్థానములలో వాదము లింగ్లీషున జరుగవలెనను శాసనము 1362లోఁగాని పుట్టలేదు. పసులకాపరి తోలుచున్నంతసేపు ఆవునకును, గొఱ్ఱెకును, పందికిని నింగ్లీషు పేరు; అదియే మాంసమై ప్రభువుల పళ్ళెరమునఁ బడినతోడనే ఫ్రెంచి పేరు. వాల్టరు స్కాటు 'ఐవన్‌హో' నవలలో నీ చమత్కారమును విదూషకునిచేఁ బలికించెను. నేఁటికిని ఇంగ్లాండు రాజలాంఛనముపైఁ గానవచ్చు రెండు వాక్యములును ఫ్రెంచివే. కాఁబట్టి ఫ్రెంచివాఁ డింగ్లీషు పుస్తకమును దెఱచినతోడనే పుటపుటయందును చుట్టములు కనఁబడుదురు. మనవాఁడు తెఱచినచో నందఱును గ్రొత్తవారే.

అయితే చుట్టఱికమున్నచోటనే మోసమునకుఁ జోటు కలదు. ఒకే మూలమునుండి పుట్టి, రెండుదేశములలో వేఱువేఱుగాఁ బెరిఁగి, రూపమొకటిగా నుండి యర్థము వేఱైన మాటలు ఫ్రెంచి యింగ్లీషులలో వందలకొలఁది యున్నవి. 1928లో కెస్లెరు, దెరొకిన్యీ అను నిరువు రిట్టి మాటలను గూర్చి యొక గ్రంథము వ్రాసి, వానికి 'కపటమిత్రులు' అని పేరుపెట్టిరి. ఆ పేరు భాషోపాధ్యాయులలో స్థిరపడినది. ఫ్రెంచి 'లిబ్రేరీ' పుస్తకముల యంగడి. ఇంగ్లీషు 'లైబ్రరీ' గ్రంథాలయము. ఫ్రెంచి 'సాన్సీబ్ల్' సుకుమారహృదయుఁడు; ఇంగ్లీషు 'సెన్సిబుల్' వివేకి. తెలియని మాట యెదురైనప్పుడు విద్యార్థి నిఘంటువును దెఱచును. తెలిసినట్లు కనఁబడు మాట యెదురైనప్పుడు తెఱవఁడు. హాని యంతయు నక్కడనే.

ఆ హాని మా యూరిలో నొకనాఁడు కొంప ముంచవలసినదే. మిత్రునికిఁ బాఠము చెప్పిన పండితులు డెబ్బదియేండ్లు దాఁటినవారు. పత్రికలలోఁ బేరు పడుట వారి కిష్టములేదు గావున శాస్త్రులవా రనియే వ్రాసెదము. వారు విద్యకు వెల పుచ్చుకొనరు. ధ్వన్యాలోకము మూఁడవ యుద్ద్యోతము నడుచుచుండఁగా, ఒకనాఁడు సాయంకాలము నాలుగుగంటలకుఁ బాఠమని చెప్పియుండియు, బంధువుల యింట జబ్బని కబురు వచ్చుటచే శాస్త్రులవారు తలుపు తాళము వేసి వెడలిపోయిరి. మిత్రుఁడు వచ్చి, కొంతసేపు వేచి, యొక కాగితముపై మూఁడు వాక్యములు వ్రాసి తలుపుసందున దోపి పోయెను.

ఆయన వ్రాయఁదలఁచినది యిది: 'మీరు లేకపోవుటచే మిక్కిలి నిరాశపడితిని. మఱియొక సమయమును మిమ్ము అడుగుచున్నాను. వీలైనచో ఱేపు వచ్చెదను.' ఫ్రెంచిలో నిరాశపడుటకు 'దెసూ' అందురు. ఆయన 'డిసీవ్డ్' అని వ్రాసెను. అడుగుటకు 'దెమాందే' అందురు. 'డిమాండ్' అని వ్రాసెను. వీలైనచో ననుటకు 'ఎవాంతుయెల్మాఁ' అందురు. 'ఈవెంట్యువల్లీ' అని వ్రాసెను. శాస్త్రులవా రింగ్లీషును నిఘంటువు సాయమున మాటమాటగాఁ జదువుకొనువారు. కాగితమున వారికిఁ గనఁబడినది యిది: 'నేను మిక్కిలి మోసపోయితిని. మఱియొక సమయ మిచ్చి తీరవలెను. కట్టకడపట ఱేపు వచ్చెదను.'

మఱునాఁ డుదయమున మాకుఁ బిలుపు వచ్చినది. శాస్త్రులవారు కాగితమును మా చేతికిచ్చి, “ఏమి నాయనా, ఇతనియొద్ద నొక కానీ పుచ్చుకొనలేదు గదా. కన్నకొడుకునకుఁ జెప్పినట్లు చెప్పితిని. నేను మోసగించితినఁట! సమయ మిచ్చి తీరవలెనఁట! ఇఁక మా గడప త్రొక్కవలదని నీవే చెప్పుము” అనిరి. వారి కన్నులలోఁ గోపముకంటె నొప్పి యెక్కువగా నుండెను. మిత్రునికి మా దేశమున మిగిలినది యొక మాసము. ఆ గ్రంథమును అట్లు చెప్పఁగలవారు మా ప్రాంతమున వేఱొకరు లేరు.

మేము కాగితమును జదివి, “శాస్త్రులవారూ, కాశినుండి వచ్చిన హిందీవిద్యార్థి యొకఁడు 'నాకు మీ శిక్ష కావలెను' అని వ్రాసినచో, మీరు బెత్తము తీసికొందురా?” అని యడిగితిమి. వారొకక్షణ మూరకుండిరి. సంస్కృతమునను, హిందీలోను శిక్ష యనఁగా విద్య గఱపుట, తెలుఁగున దండన. ఉపన్యాసము మనకు సభలోఁ జేయు ప్రసంగము, హిందీవారికి నవల. అభ్యంతరము సంస్కృతమున లోపలిభాగము, మనకు ఆక్షేపణ. కపటమిత్రులు మన యింటను గలరని చెప్పి, ఆ మూఁడు ఫ్రెంచిమాటల కథను వివరించితిమి. శాస్త్రులవారి ముఖము విప్పారినది. “అవు నవును. తైత్తిరీయమున శీక్షావల్లి యున్నది గదా యని దానిని దండనాధ్యాయ మనువాఁడు మూఢుఁడు. నేనును అట్టివాఁడనే యైతిని. పిల్లవానిని రమ్మనుము” అనిరి. మిత్రుఁడు వచ్చి, విషయము విని, తెల్లఁబోయి, పాదములకు నమస్కరించెను. నాఁటి పాఠము నాఁడే సాగినది. కాని రెండుమూఁడు గంటలు మేము జోక్యము చేసికొనక యుండినచో, ఒక మాటకుఁ గల రెండర్థములమధ్య నొక గురువును, ఒక శిష్యుఁడును జన్మాంతము విడిపోయి యుందురు.

ఆ దినమున శాస్త్రులవారే యొక మాట చెప్పిరి. మన యాలంకారికులు లక్షణావృత్తిని జెప్పునపుడు రూఢిచే వచ్చునదియు, ప్రయోజనముచే వచ్చునదియు నని రెండువిధములు చేసిరి. మమ్మటుఁడు మొదటిదానికిఁ జూపిన యుదాహరణము 'కుశలుఁడు'. అవయవార్థము దర్భలను గోసి తెచ్చువాఁడు, రూఢ్యర్థము నేర్పరి. నేర్పరియైన శిల్పిని గుశలుఁ డన్నప్పుడు దర్భ లెవ్వరికిని జ్ఞప్తికి రావు. పలుకుబడి యనునది యంతయు నిట్టిదే. పుట్టినప్పు డుండిన దర్భలు పోయి, నేర్పు మాత్రము మిగులును. ఆ భాషలోఁ బుట్టినవాఁడు నేర్పును వినును; పరభాషవాఁడు దర్భలను జూచి తికమకపడును.

మిత్రునియొద్ద నొక వ్రాఁతపుస్తక ముండెను. అందు ఇంగ్లీషు సామెతలను, పలుకుబళ్లను మూఁడు భాగములుగాఁ జేసి, ప్రక్కనే ఫ్రెంచివానిని వ్రాసికొనెను. మా పరిచయమైన పిదప మూఁడవ గడియొకటి గీసి, మాచేఁ దెలుఁగు సామెతలను జెప్పించుకొనెను.

మొదటిభాగమున నున్నవి రెండుభాషలలోను ఒకే బొమ్మ కలవి. నిప్పు లేనిదే పొగ రాదని మన మందుము, ఇంగ్లీషువాఁడును ననును, ఫ్రెంచివాఁడును ననును. తర్కశాస్త్రమున పర్వతముపైఁ బొగను జూచి నిప్పు నూహించుట ప్రసిద్ధోదాహరణ మగుటచే, మిత్రుఁ డీ సామెతను జదివినప్పు డెల్ల నవ్వుచుండెడివాఁడు. వీనిని నేర్పుటకు గురువుతోఁ బనిలేదు.

రెండవభాగమున బొమ్మ యొకటే గాని యొక గీఁత మాఱినది. ఒక వానకోవెల వచ్చినంత వసంతము రాదని ఫ్రెంచివారందురు. వేసవి రాదని యింగ్లీషువారందురు. అరిస్టాటిలు తన నీతిశాస్త్రమున వసంత మనియే వ్రాసెను. కంటికి దూరమైనది హృదయమునకు దూరమని ఫ్రెంచిసామెత. బుద్ధికి దూరమని యింగ్లీషుసామెత. మన తెలుఁగువాఁడు 'మనసు' అని యొక్కమాటతో రెండింటిని నిమిడ్చెను. గాలిలో మేడలు కట్టుట మనకును, ఇంగ్లీషువారికిని సమానము. ఫ్రెంచివారు మాత్ర మా కోటలను స్పెయినుదేశమునఁ గట్టుదురు. ఉన్నదున్నట్లు చెప్పుటను ఫ్రెంచివారు పిల్లిని పిల్లి యనుట యందురు. ఇంగ్లీషువారు పారను పార యనుట యందురు. ఈ పార పుట్టుక విచిత్రము. గ్రీకున తొట్టియని యున్న మాటను ఎరాస్మసు లాటినులోఁ బారగా మార్చెను. 1542లో నికొలాస్ యూడాల్ దానిని యథాతథముగా నింగ్లీషున దింపెను. మహావిద్వాంసుని పొరపాటు సయితము రూఢియైనపిమ్మట శుద్ధమే.

మూఁడవభాగ మంతయు వేఱుబొమ్మలు. మనకుఁ గుండపోతగాఁ గురియు వాన ఇంగ్లీషున పిల్లులును, కుక్కలునై కురియును. ఫ్రెంచిలోఁ దాళ్ళు తాళ్ళుగా దిగును. ఎన్నఁడును జరుగని పనికి ఇంగ్లీషువారు పందు లెగురవలెనందురు; ఫ్రెంచివారు కోళ్లకుఁ బండ్లు మొలవవలెనందురు; మనము కుందేటికిఁ గొమ్ము మొలిపింతుము. పొదుగకమున్నే కోడిపిల్లలను లెక్కపెట్టవలదని యింగ్లీషువాఁడు. చంపకమున్నే యెలుఁగుబంటి చర్మము నమ్మవలదని ఫ్రెంచివాఁడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగ మని మేము చెప్పఁగా మిత్రుఁ డుబ్బిపోయి, పంచతంత్రమునఁ బేలపిండికుండను జూచి పుట్టని కొడుకునకు సోమశర్మ యని పేరుపెట్టుకొన్న బ్రాహ్మణుని స్మరించెను. లా ఫాంటేను వ్రాసిన పాలకుండ పడఁతి కథయు నట్టిదే. ఆ కవి 1678లోఁ బ్రకటించిన కథలలోఁ బెక్కింటికి భారతీయుఁడైన 'పిల్పే'కు ఋణపడితినని చెప్పుకొనెను. సామెతలకు దేశాటన మనిన మిక్కిలి ప్రీతి.

ఈ మూఁడవభాగమును మాటకు మాటగాఁ దర్జుమా చేసినవాని గతి యేమగునో తెలియుటకు 1855లో వెలువడిన యొక పుస్తకము చాలును. పేద్రో కరోలీనో అను పోర్చుగీసువాఁడు తనవారి కింగ్లీషు నేర్పుటకై సంభాషణగ్రంథ మొకటి కూర్చెను. ఆయనకు నింగ్లీషు రాదనియు, పోర్చుగీసు ఫ్రెంచి సంభాషణపుస్తకమును, ఫ్రెంచి యింగ్లీషు నిఘంటువును ముందు పెట్టుకొని యా కార్యమును సాధించెననియు విమర్శకులు తేల్చిరి. చిరకాలము పడిగాపులు పడుటను దెలుపు ఫ్రెంచి పలుకుబడి యొకటి యాతనిచేతిలో నొక చిన్నకోఁతిని బటపట నమలుటగా మాఱినది. 1883లో నమెరికాలో నచ్చైనపుడు మార్కు ట్వేను దానికిఁ బీఠిక వ్రాసెను. నేర్పుటకై పుట్టిన పుస్తకము నవ్వుటకై నిలిచినది.

దీనికిఁ బ్రతిగా నొక గురువు పని చెప్పెదము. ఫ్రెంచి మహాకవి స్తెఫాన్ మలార్మే యించుమించు ముప్పదియేండ్లు బడులలో నింగ్లీషు చెప్పి పొట్ట పోసికొనెను. ఎడ్గరు పో కవిత్వమును జక్కఁగాఁ జదువుటకే యింగ్లీషు నేర్చితినని యాయన చెప్పుకొనెను. ఆయన మరణానంతరము 1937లో నొక పుస్తకము వెలువడినది. అందు వేయి యింగ్లీషు సామెతలును, పలుకుబళ్లును వ్యాకరణసూత్రములక్రమమునఁ గూర్పఁబడియున్నవి. ఒక్కొక్క సూత్రమునకు ఎండువాక్యములు గాక, ఆ దేశపు జనులు నోట నాడుకొను మాటనే యుదాహరణముగాఁ జూపవలెనని యాయన సంకల్పము. పిల్లలచే నింగ్లీషువారి జోలపాటలను, బొమ్మరింటి పదములను గూడఁ జదివించెడివాఁడు. తనిఖీకి వచ్చిన యధికారులు మెచ్చలేదు. అధికారులు మెచ్చని పాఠములన్నియు మంచివని మే మనము గాని, ఈ పాఠము మంచిదని మాత్ర మనెదము.

ఇంతవఱకు సామెతల సొగసును జెప్పితిమి. వాని దోషమును జెప్పక విడుచుట సంస్కారులకుఁ దగదు. చెప్పకుండ సభనుండి జాఱుకొనుటను ఇంగ్లీషువారు 'ఫ్రెంచి సెలవు' అందురు. సరిగా దానినే ఫ్రెంచివారు 'ఇంగ్లీషువానివలె నుడాయించుట' యందురు. మిత్రుఁ డీ రెండింటిని జూపి నవ్వినప్పుడు మేమును నవ్వితిమి. కాని మన సామెతల గ్రంథములను దిరుగవేసినచో నవ్వు నిలువదు. కులమునకొకటిగా నెత్తిపొడుపులు, కోడలిపైఁ గొన్ని, వితంతువుపైఁ గొన్ని, స్త్రీబుద్ధిని బ్రళయముతోఁ బోల్చు మాట యొకటి. ఇరుగుపొరుగు రాజ్యములు సమానబలముతో నొకరినొకరు వెక్కిరించుకొనుట వేఱు. నోరులేనివారిని నోరున్నవారు తరతరములు వెక్కిరించుట వేఱు. మొదటిదానికి బదులు చెప్పువా రున్నారు. రెండవదానికి సామెతయే శాస్త్రమై, శాస్త్రమే శిక్షయై కూర్చున్నది.

ఇందుకు మా వృత్తిలోనిదే నిదర్శనము. బెత్తమును దాఁచినవాఁడు బిడ్డను జెఱచు నని యింగ్లీషుసామెత. చక్కఁగాఁ బ్రేమించువాఁడు చక్కఁగా దండించు నని ఫ్రెంచిసామెత. కఱ్ఱకుఁ బదిగుణములని మన పండితుల మాట. ఈ మూఁటి నీడను మూఁడు దేశముల పిల్లలును వీఁపులు వాఁచుకొనిరి. శాస్త్రులవా రొకనాఁడు ఆ పదిగుణముల శ్లోకమును మాచే నర్థము చెప్పించిరి. పక్షి, కుక్క, శత్రువు, పాము, పశువు, బురద, నీరు, అంధత్వము, చీఁకటి, ముసలితనము: ఈ పదింట నూఁతకఱ్ఱ యుపకరించునని దాని తాత్పర్యము. “పదియు లెక్కపెట్టితివి గదా. ఇందు బాలుఁడెక్కడ నాయనా?” అని వారడిగిరి. ఎక్కడను లేఁడు. శ్లోకము మఱుఁగుపడి, చివరితునుక సామెతయై మిగిలి, ముసలివాని చేయూఁతను బాలుని వీఁపుపై విఱిచినది. ఇంగ్లాండు ప్రభుత్వపాఠశాలలలో దేహశిక్షను 1986నాఁటి శాసనము తొలఁగించినది. మన దేశమున 2009నాఁటి విద్యాహక్కు చట్టము పదునేడవ విభాగమున నిషేధించినది. ఫ్రాన్సు 2019లో నిండ్లలోఁగూడఁ గూడదన్నది. శాసనములు మాఱినను సామెతలు మాఱక, నేఁటికిని దండ్రులు బడికి వచ్చి, “నాలుగు తగిలింపుఁడు పంతులుగారూ, కఱ్ఱ లేనిదే చదువు రాదు” అనుచునే యున్నారు. వారితో వాదించుటకు మాకుఁ జట్టముకంటె నా శ్లోకార్థమే యెక్కువ యుపకరించుచున్నది.

కాఁబట్టి మా మనవి యిది. పిల్లలచే నింగ్లీషు సామెతలను పరీక్షకై యేఁబదేసి చొప్పున వల్లింపింపక, దినమున కొకదానిని, అది పలుకఁబడు సందర్భముతోఁ జెప్పుఁడు. దానికిఁ దగిన తెలుఁగు సామెతను ఇంటిలోఁ బెద్దల నడిగి తెమ్మనుఁడు. అవ్వ నడుగుటకు మనుమని కొక పని కలుగును; చెప్పుటకు నవ్వకు నొక గౌరవము కలుగును. మా తరగతిలో నిట్లు చేయఁగా, తల్లి యక్షరాస్యురాలు కాని బాలిక యొకతె యందఱికంటె నెక్కువ సామెతలు తెచ్చినది. ఇంగ్లీషుగంటలో నా తల్లి పేరు వినఁబడుట యదియే మొదటిసారి.

తెచ్చినదానినెల్ల నిలుపుకొనవలెనని గాదు. ఇది యెవరిని నొప్పించును, ఇప్పటికిని నిజమా, యని పిల్లలనే యడుగుఁడు. బియ్యములో రాళ్ళేఱినట్లు ఏఱవలెను గాని, రాళ్ళున్నవని బియ్యమును బాఱవేయరాదు. పొరుగింటి పుల్లకూర రుచియని మనవారందురు. ఆ రుచి తెలిసినవాఁడు తన యింటి వంటను ఉప్పుతోఁ బులుపుతో సరిచూచుకొనఁగలఁడు. మా మిత్రుఁడు స్వదేశమునకు వెళ్ళునపుడు తన వ్రాఁతపుస్తకమునకు మాచేఁ బ్రతి వ్రాయించి యిచ్చిపోయెను. అందు మూఁడవగడిలో నింకను ఖాళీలున్నవి. మా విద్యార్థులు వానిని నింపుచున్నారు.